రొట్టె తర్వాత అన్నం

పొద్దున్నే దీవెనమ్మ వేలు చాచింది. కోడలు రెబ్కా సూది గుచ్చి, మిషన్ చూసి మొహం ముడుచుకుంది. షుగరు మళ్ళీ పెరిగింది.

రెబ్కా సాకేత్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ఆదివారం ఆరాధన అయ్యాక మయూర్ విహార్ చర్చి హాల్లో, కోస్తా నుంచి ఈ ఉత్తరాది నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాలకి షుగరు తిండి గురించి చెబుతోంది. రాత్రికి అన్నం వద్దు, రెండు రొట్టెలు తినమంది. ఎవరికీ తగ్గలేదు. ఇక ఆ తరగతి ఆపేద్దామంటున్నారు సంఘ పెద్దలు. సొంత అత్తకే తగ్గించలేకపోయిందన్న మాటా ఆమె చెవిన పడింది.

"నిజం చెప్పండత్తయ్యా. రొట్టెలు తింటున్నారా, పారేస్తున్నారా?"

"దేవుడిచ్చింది పారేస్తానా? తోలు నమిలినట్టున్నా తింటున్నాను."

"మరెందుకు పెరుగుతోంది?"

"నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు. రైలెక్కించండి, మా ఊరు పోతాను."

రెబ్కా భర్త బాబురావు తల్లీ భార్యల మధ్యలోంచి తప్పుకున్నాడు. బూట్లు వెతుక్కున్నాడు. జడ వేసుకుంటున్న కూతురు ఎల్సా, "నాన్నమ్మ సచ్ బోల్ రహీ హై మమ్మీ, నిజమే చెబుతోంది. రోటీ అయ్యాకే రైస్ తింటుంది," అంది.

రెబ్కా మిషన్ మీంచి తలెత్తి అత్తని చూసింది.

దీవెనమ్మకి తప్పేమిటో తెలియలేదు. "రొట్టె టిఫినే కదా. పెరుగన్నం పడకపోతే భోంచేసినట్టా?"

రెబ్కా మంచం మీద కూలబడింది. తన పుట్టింట్లోనూ అంతే. చపాతీలు తిన్న రాత్రి కూడా, ఇంక అన్నానికి రండి అని పిలిచేది వాళ్ళమ్మ.

"మన తిండే మర్చిపోయి చెప్పానత్తయ్యా," అంది. కళ్ళు తుడుచుకుంది.

"ఏదైనా మార్చుకో. ఆఖరి ముద్ద మాత్రం తియ్యకు," అంది దీవెనమ్మ, కాస్త మెత్తబడి.

ఆ ఆదివారం హాల్లో, రొట్టె తర్వాత అన్నం తినేదెవరని అడిగింది రెబ్కా. ఒక చెయ్యి లేచింది. తర్వాత నవ్వుకుంటూ అందరూ ఎత్తారు. పెద్దలు తరగతికి కొంత గడువిచ్చారు. రెబ్కా చెప్పే తిండిలోంచి రొట్టె పోయింది. కంచం నిండా బీరకాయ కూర, గోంగూర పప్పు, చేప ముక్క. అన్నం చిన్న గిన్నెడు. అందులోంచే పెరుగుకి ఆఖరి ముద్ద.

గడువు అయిన రోజు పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. రెబ్కా మిషన్ తీసింది. దీవెనమ్మ ముందు వరస బల్ల మీంచి లేచి, అందరి ఎదుటా వేలు చాచింది.

రెబ్కా అంకెని రెండుసార్లు చూసింది. మిషన్ పెద్దల చేతికిచ్చింది. చాలా తగ్గింది. తరగతి సాగనిద్దామని వాళ్ళు తలలూపారు.

వెనక వరసలో కొత్తగా వచ్చినావిడ తన వంతు వస్తుందని భయపడుతోంది. దీవెనమ్మ ఆవిడని ముందుకు పిలిచింది.

"రామ్మా. గుచ్చేది మా కోడలు. నొప్పుండదు."