ఎజ్రా గోడ

థ్రాస్టన్ ఫుట్‌బాల్ మైదానంలో, రైలుకట్ట వైపున్న చెక్క స్టాండు కింద, చీకటి పడ్డాక ఎవరూ నడవరు. మిల్లు వదిలి ఇళ్ళకు పోయే జనం, అది దగ్గరిదారని తెలిసీ చుట్టూ తిరిగే పోతారు. లోపలినుంచి చప్పుడు వస్తుందట. తోలుబంతి ఇటుకగోడకు తగిలే చప్పుడు. ధబ్… కాసేపాగి, మళ్ళీ ధబ్.

ఆట ఉండే శనివారం అయితే ఎవరూ పట్టించుకోకపోదురు. మిగతా రోజుల్లో అక్కడ బంతన్నదే ఉండదు. ట్రైనర్ సెత్ ముసలాయన సోమవారం నుంచే బంతులన్నీ అలమరలో పెట్టి తాళం వేస్తాడు. ఆటగాళ్ళ చేత మైదానం చుట్టూ పరుగులు తీయిస్తాడు. "వారమంతా మాడితేనే రా, శనివారం బంతి మీద ఆకలి పుట్టేది," అంటాడు. ఇంగ్లండంతా అదే పద్ధతి.

మరి ఆ బంతి ఎవరిది?

ఎజ్రాది అంటారు. మొదటి ప్రపంచయుద్ధం అయిన కొత్తలో ఇక్కడి సెంటర్ ఫార్వర్డ్. ఏం తగువొచ్చిందో, క్లబ్బువాళ్ళు అతన్ని ఆడించడం మానేశారు. పోనీ వేరే క్లబ్బుకు వదిలారా అంటే, అదీ లేదు. ఒకసారి పేరు నమోదయ్యాక, క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు దేశంలో ఇంకెక్కడా ఆడటానికి లేదు. జీతం ఆపినా సరే, కదలడానికి లేదు. పని చెప్పని గొడ్డును కసాయి కూడా కట్టేసి ఉంచడు. ఎజ్రా మాత్రం రెండేళ్ళు ఆ గోడకే బంతి కొట్టుకుంటూ ఎదురుచూశాడు. ఒక తడి చలికాలంలో న్యుమోనియా వచ్చి పోయాడు.

ఇప్పుడు ఆ గతే క్లెమ్ హిండిల్‌కు పట్టింది.

క్లెమ్ ఎడమ వింగులో ఆడేవాడు. మోకాలు వాచిన కుర్రాణ్ణి సూదిమందిచ్చి ఆడిస్తుంటే, ఛైర్మన్ క్రాషా ముందే నిలబడి "వద్దు" అన్నాడు. అంతే. వేసవి పోయింది, ఆకులు రాలాయి, క్లెమ్ కాలికి బంతి తగల్లేదు. ఫ్రాన్సులో ఒక క్లబ్బు రమ్మంటోంది. ఇక్కడి కట్టడి అక్కడ చెల్లదు. కానీ అలా పోయినవాడికి మళ్ళీ ఇంగ్లండులో ఆట ఉండదు.

"పోదాం పద," అంటుంది భార్య హెట్టీ. "నీ కాళ్ళకు ముప్ఫై ఒక్కేళ్ళు. ఇంకెప్పుడు?"

"దొంగలా ఎందుకు పోవాలే? వాళ్ళే వదలాలి. వదిలేదాకా కూచుంటా."

నవంబరులో ఒక మంగళవారం, పొద్దుగూకే వేళకు మళ్ళీ క్రాషా గదికి వెళ్ళాడు. క్రాషా పందిమాంసం కూరి కాల్చిన పోర్క్ పై తింటున్నాడు. కూర్చోమనలేదు.

"నిన్ను వదిలితే రేపు మా మీదే గోలు కొడతావు కదయ్యా."

"అయితే ఆడించండి."

"ఆడిస్తే మళ్ళీ నోరు లేస్తుంది." వేళ్ళు నాక్కున్నాడు. "వసంతంలో చూద్దాంలే."

క్లెమ్ బయటికొచ్చేసరికి చెవుల్లో నెత్తురు కొట్టుకుంటోంది. దగ్గరిదారికి తిరిగాడు. గేటు దగ్గర సెత్ అతని చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు.

"అటు పోకురా."

"దెయ్యాన్ని ఇప్పుడే చూసొస్తున్నా. గదిలో పోర్క్ పై తింటోంది."

స్టాండు కింద పొగమంచు, తడిసిన చెక్క వాసన. నాలుగడుగులు వేశాడో లేదో —

ధబ్.

ఆగాడు. మంచులోంచి బంతి దొర్లుకుంటూ వచ్చింది… అచ్చంగా అతని ఎడమ కాలి ముందు ఆగింది. ఇన్ని నెలల్లో అతనికి అందిన మొదటి పాస్.

భయపడాల్సింది. కోపం తోసుకొచ్చింది. క్రాషా మొహం గోడ మీద ఉందనుకుని కొట్టాడు. బంతి తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టాడు. కోటు విప్పి విసిరేసి, పళ్ళు కొరుకుతూ కొట్టాడు. ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి.

అప్పుడు కనిపించాడు… గోడ పక్కన ఒక మనిషి. పాతకాలపు చారల చొక్కా, ఒళ్ళంతా తడి. క్లెమ్ నోట్లోంచి పొగ వస్తోంది. ఆ మనిషి నోట్లోంచి రావడం లేదు.

"బాగా కొడతావు," అన్నాడు, గాలి ఊదినట్టు. "వదలడం లేదా?"

క్లెమ్ తలూపాడు.

"నన్నూ అంతే. వసంతంలో వదులుతారు… ఛైర్మన్ మాటిచ్చాడు. నువ్వూ ఉండిపో. ఇద్దరమైతే పొద్దుపోతుంది."

క్లెమ్ అతని మొహంలోకి చూశాడు. వసంతం! ఆ మాటతోనే వీణ్ణి చంపారు. చచ్చాక కూడా ఆ మాటనే నమ్ముతున్నాడు. వాళ్ళే వదులుతారని తనూ ఇప్పటిదాకా నమ్మినవాడే.

వంగి కోటు తీసుకున్నాడు. వెనక బంతి మళ్ళీ గోడకు తగులుతోంది, ధబ్, ధబ్.

"ఎక్కడికి?"

"ఫ్రాన్సుకు."

"ఎవరు వదిలారు నిన్ను?"

"ఎవరూ వదల్లేదు. నేనే పోతున్నా."

బంతి చప్పుడు ఆగిపోయింది.

క్లెమ్ వెనక్కి చూడకుండా నడిచాడు. వీధిదీపం వెలుగు దాకా వచ్చాడు. అప్పుడు చెవి పక్కనే, మెడ మీద మంచు రాసినట్టు, ఆ గొంతు. బెదిరింపు కాదది. తప్పు చేయబోయే చిన్నపిల్లాడి గొంతు.

"అట్లా… వాళ్ళనడక్కుండా… పోవచ్చా?"