తాళం వెనక వరుస

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అంటారు. ఆమెకంటే వయసులో చాలా పెద్దవాడైన తొందరయ్య కూడా అక్కా అనే పిలుస్తాడు. సగం మాట వినగానే పని మొదలుపెట్టేస్తాడని అతనికా పేరు.

ఆసుపత్రులు, కాలేజీలు, బస్సు కంపెనీలు తమ రికార్డులన్నీ ఆ ఆఫీసు నెత్తిన పెట్టి హాయిగా నిద్రపోతాయి. నిద్రలేనిది తాళాలక్కకే. ఒకరు ఒక రికార్డును దిద్దుతున్నంతసేపూ ఇంకొకరు దాన్ని ముట్టుకోకుండా డేటాబేస్ తాళం వేస్తుంది. దిద్దే మహానుభావుడు పని మధ్యలో వదిలేసి టీకి పోయాడా, తాళం అలాగే ఉండిపోతుంది. వెనక మిగతావాళ్ళు వరుస కట్టి ఎదురుచూస్తుంటారు. అప్పుడు ఫోనొస్తుంది: "తాళమేసిందెవరో చూసి చంపెయ్ అక్కా." చంపేది మనిషిని కాదు, అతని లాగిన్‌ని. ఆ ఉద్యోగంలో ఆ మాట అననివాళ్ళు లేరు, విని ఉలిక్కిపడేవాళ్ళూ లేరు.

ఆ మధ్యాహ్నం ఆమె కింద సర్వర్ గదిలో ఒంటరిగా ఉంది. కిటికీలు లేని గది. బయట ఎండ మండిపోతున్నా లోపల ఎముకలు కొరికే చలి. బీరువాల్లాంటి మెషీన్ల మధ్య సన్నటి సందులు, ఆగకుండా ఫ్యాన్ల హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఫోన్ మోగింది. తండ్రి.

తమ్ముడికి అపెండిక్స్ పగిలిందట. ఆపరేషన్ చెయ్యకపోతే దక్కడట. వాడికి ఒక మత్తుమందు పడదు, చిన్నప్పుడు దానివల్లే ఊపిరాగినంత పనైంది. దాని పేరు గుర్తున్నది తల్లికే, ఆమె పోయి ఏడాదయింది. ఇక ఆ పేరున్నది ఆసుపత్రి రికార్డులోనే. వాడి రికార్డు ఎంతకీ తెరుచుకోవడం లేదని, మీ ఆఫీసే చూడాలని డాక్టర్లు అంటున్నారట.

"ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదమ్మా," అన్నాడు తండ్రి. "మీ అమ్మకి ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. చూడు నా తెలివి."

ఆమె కుర్చీ లాక్కుంది. గబగబా వెతికింది. తమ్ముడి రికార్డుకి తాళం పడి ఉంది. వేసిందెవరో చూసింది. తల్లి పేరు.

తల్లి ఆ ఆసుపత్రిలోనే నర్సు. ఆమె పోయాక ఆ లాగిన్‌ని తీసేసింది తాళాలక్కే, కళ్ళు తుడుచుకుంటూ తన చేత్తోనే తీసేసింది. లేని లాగిన్‌తో ఎవరైనా లోపలికెలా వస్తారు?

అప్పుడే ప్లాస్టిక్ వాసన పోయి స్పిరిట్ వాసన వేసింది. గది చివర లైటు ఆరింది. తరవాత దాని పక్కది. మెషీన్ల వెనక చెప్పుల చప్పుడు… రాత్రంతా వార్డులో తిరిగి అలిసిపోయిన చెప్పుల చప్పుడు. ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్లకి అదెవరిదో వేరే చెప్పాలా?

ఆమెకు తల్లి ఆఖరి రోజు కళ్ళముందు కదిలింది. వాణ్ణి వదిలి ఎలా పోతానే అంటూ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. పోయాక కూడా వదల్లేదు. ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చింది. ఇప్పుడు వాడి కోసమే వచ్చింది. తనతో తీసుకుపోతుంది. అంత భయంలోనూ తాళాలక్కకు ఒళ్ళు మండింది.

"అమ్మా, వాణ్ణి వదిలెయ్. నీకు దణ్ణం పెడతాను."

చెవి పక్కనే గుసగుస. "పట్టుకోనీ… ఇంకాసేపు పట్టుకోనీ…"

"వాడు చచ్చిపోతాడే!"

కీబోర్డు మీద ఆమె చేతిని ఒక చల్లటి చెయ్యి నొక్కి పట్టింది. బలంగా. బతిమాలుతున్నట్టుగా. "వద్దే… వద్దు…"

ఆమె ఏడుస్తూనే చెయ్యి విదిలించుకుంది. చంపేసింది.

చల్లటి వేళ్ళు జారిపోయాయి. లైట్లు వెలిగాయి. తాళం పోయింది. హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలి, అప్పుడు చూసింది వరుసని.

ఆ ఉద్యోగంలో ఎవరైనా తాళం వేసిందెవరో చూస్తారు. వెనక మొదట నిలబడిందెవరో చూడాలని ఎవరికీ తోచదు. ఆసుపత్రివాళ్ళకంటే ముందు అక్కడ ఇంకెవరో ఉన్నారు. చాలాసేపటినుంచి ఉన్నారు. పేరుండాల్సిన చోట ఏమీ లేదు. తాళం పోగానే అది లోపలికి వెళ్ళింది, ఏదో దిద్దింది, బయటికొచ్చేసింది.

తమ్ముడి రికార్డు తెరిచింది. పడని మందులు: ఏవీ లేవు.

ఆమె దిగ్గున లేచింది. తండ్రికి ఫోన్ చేసింది. ఆయన గొంతులో అప్పుడే ఊరట. "తెరుచుకుందమ్మా. వాడికి అన్ని మందులూ పడతాయనే ఉందట, మనమే ఊరికే కంగారుపడ్డాం. మత్తు ఇచ్చేశారు." అవతల ఎవరో పరిగెత్తుతున్నారు. ఇంకెవరో తండ్రిని పక్కకు జరగమంటున్నారు. "ఏమైందమ్మా… వాడికేమైందమ్మా…" అని ఆయన అడుగుతుంటే లైను తెగిపోయింది.

మందు పేరు. రోజూ రాత్రి తీసిపెట్టే పాత కాపీలో ఉంటుంది, కంగారులో ముందే తోచలేదు. ఆ పేరు తెలిస్తే విరుగుడు ఇస్తారు, వాడింకా బతకొచ్చు. పాత కాపీ తెరిచింది. దొరికింది. పేరు కనబడింది. తండ్రి నంబరు నొక్కబోతూ ఒక్కసారి తెర చూసింది.

తల్లి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తాళం. ఈసారి తమ్ముడి రికార్డుకి కాదు. ఊళ్ళో అందరి రికార్డులూ ఆ ఆసుపత్రిలోవే. తాళం పడింది తాళాలక్క రికార్డుకి. వెనక వరుసలో ఒక్కరే. పేరు లేదు.

అమ్మ పట్టుకుంటానన్నది ఎవరినుంచి కాపాడటానికో ఇప్పటికి అర్థమైంది. అరక్షణంలో పై అంతస్తుకు ఫోన్ కలిపింది. "తొందరయ్యా, ఆసుపత్రిలో ఒక తాళం కనబడుతుంది. నీకు పుణ్యముంటుంది, దాన్ని ముట్టుకోకు."

అవతల టకటకలాడుతున్న కీబోర్డు చప్పుడు ఆగింది.

"అదేంటక్కా? ఇప్పుడే నువ్వే పైకొచ్చి, నా భుజమ్మీద చెయ్యేసి చెప్పి వెళ్ళావు కదా… చంపేశాను."