నురగ తీసే చెయ్యి

మార్చి నెలలో మా కొండల మీద తెల్లవారితే ఏది పొగమంచో ఏది ఆవిరో చెప్పడం కష్టం. మేపుల్ చెట్ల నుంచి దిగిన నీరు పాకం కోసం పాకశాలల్లో పొద్దస్తమానం మరుగుతూనే ఉంటుంది. తియ్యటి ఆవిరి కప్పు సందుల్లోంచి బయటికొచ్చి లోయంతా పరుచుకుంటుంది. ఆ రోజుల్లో మనుషులు కూడా సగం కలలో తిరుగుతున్నట్టే ఉంటారు. రోవెనా పాకం కాగే వెడల్పాటి పెనం ముందు నిలబడి, పొడుగు గరిటెతో నురగ తీస్తోంది. మర్నాడు కోర్టుకి వెళ్ళాల్సిన మనిషిలా లేదు.

"ఇంకా ఆ నురగ తీయడమేనా? ఒక్క చుక్క వెన్న వేస్తే అదే అణుగుతుందని ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను," అన్నాడు ఆమె భర్త ఆల్డెన్, పొయ్యిలోకి కట్టెలు తోస్తూ.

"ఏం చెయ్యను? చెయ్యి ఊరుకోదు," అంది రోవెనా.

ఆ ఊరుకోని చెయ్యే కొంప ముంచింది. మా వెర్మాంట్‌లో అంత ఓపిగ్గా నురగ తీసేవాళ్ళు లేరు. అది దక్షిణాదిన తీపిజొన్న రసం కాచే టెన్నెసీ వాళ్ళ అలవాటు. అక్కడ పచ్చ నురగ ఎప్పటికప్పుడు తీయకపోతే పాకం చెడిపోతుంది. పోయినేడు పాకశాలలన్నీ తలుపులు తెరిచి జనాన్ని పిలిచినప్పుడు, టెన్నెసీ నుంచి చూడ్డానికొచ్చిన ఒకావిడ మొదట ఆ గరిటె తిప్పడం చూసింది, తర్వాత రోవెనా మొహం చూసింది. ఊరెళ్ళి ఊరుకుందా, లేదు. ఇరవై ఏళ్ళ కిందట, రెండేళ్ళ కూతుర్ని తండ్రికి అప్పగించమని కోర్టు చెబితే, పిల్లతో సహా పారిపోయిన డార్లీన్ ఈవిడేనంటూ పోలీసులొచ్చారు. ఆమెని తమకి అప్పగించమని అక్కడి గవర్నర్ అడిగాడు, ఇక్కడి గవర్నర్ సరే అన్నాడు. అలా పట్టుకుపోవడం చెల్లదని లాయరు బుషార్ హెబియస్ కార్పస్ పిటిషన్ వేసి, అది తేలేదాకా రోవెనాని ఇంట్లో ఉండనిచ్చేలా చూసింది.

"వాళ్ళ దగ్గరున్నది ఒక్క పాత ఫోటో," అని లాయరమ్మ ముందురోజు వచ్చి చెప్పి వెళ్ళింది. "ఆ చూసినావిడేమో సాక్ష్యానికి రానంది. డార్లీన్ మీరేనని నిరూపించాల్సింది వాళ్ళు. మీరు అబద్ధమాడక్కర్లేదు. నోరు మెదపకుండా కూర్చోండి, చాలు."

ఇంతలో కూతురు ఐవీ కట్టెలమోపుతో తలుపు తోసుకుని వచ్చింది. పోలీసులొచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల తల్లితో మాట్లాడటం మానేసింది.

"ఏమన్నా తిన్నావా?" అంది రోవెనా.

"మీరెవరండీ అడగడానికి?" అంది ఐవీ. "డార్లీన్ మీరు కాదట కదా. మరి నేనెవరి కూతుర్ని?"

"కాదని నేను చెప్పనమ్మా. ఊరుకుంటానంతే."

"ఊరుకోవడంలో నిన్ను మించినవాళ్ళున్నారా! నన్ను కన్న నాన్న నదిలో మునిగి పోయాడన్నావు. నిక్షేపంగా అక్కడ నాక్స్‌విల్‌లో టైర్లమ్ముకుంటున్నాడు!"

"ఐవీ, మెల్లగా," అన్నాడు ఆల్డెన్.

"నీకూ తెలుసా నాన్నా?"

ఆల్డెన్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "ఇక్కడి మనిషి కాదని మొదటేడే తెలిసింది. ఏం వదిలి వచ్చిందో అడగలేదు. అడిగితే ఇక్కణ్ణుంచీ వెళ్ళిపోతుందేమోనని భయమేసింది."

ముగ్గురూ మాటల్లో ఉండగా పెనం పొంగింది. అందరికంటే ముందు ఐవీ చెయ్యే గరిటె మీదికి వెళ్ళింది. అంచు వెంబడి మెల్లగా లాగి, ఒడుపుగా విదిలించి, నురగంతా తీసేసింది. అచ్చం తల్లి లాగే. అది తనకే తెలిసొచ్చి, గరిటె అక్కడే పడేసి ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కోర్టు కిటికీల బయట మంచు నిదానంగా, చప్పుడు లేకుండా పడుతోంది. ముసలి జడ్జి ఫోటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఉన్నది మా చెల్లెలన్నా నమ్ముతాను. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, వాళ్ళడిగే మనిషి ఈవిడేనా, నేను చూడాల్సింది అంతవరకే. ఈ ఒక్క ఫోటోతో నేనేమీ తేల్చలేను," అన్నాడు. బుషార్ మొహం వికసించింది. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే రోవెనా ఇంటికి వెళ్ళిపోవచ్చు.

రోవెనా వెనక్కి తిరిగింది. చివరి బెంచీ మీద ఐవీ ఉంది, తలదించుకుని. ఆ పిల్ల పసితనమంతా ఒక్కసారి రోవెనా కళ్ళ ముందు కదిలింది. ఇల్లు దక్కుతుంది, పాకశాల దక్కుతుంది, కూతురు మాత్రం ఎవరి కూతురో తెలియని మనిషిలా మిగిలిపోతుంది. ఆమె గుండె ఒప్పుకోలేదు.

"అయ్యా, ఆ ఫోటోలో ఉన్నది నేనే," అంది లేచి. "ఆ వెనక కూర్చున్నది నా కూతురు."

బుషార్ ఆమె చెయ్యి పట్టి లాగింది. ఆల్డెన్ టోపీలో మొహం దాచుకున్నాడు.

"దాన్నెందుకు తీసుకొచ్చేశానంటే..."

"ఆగండమ్మా," అన్నాడు జడ్జి. ఆ గొంతులో కోపం లేదు. "అది నేను వినకూడదు. తప్పో ఒప్పో టెన్నెసీ కోర్టే తేల్చాలి. ఇక్కడ ఆ మాటకి చోటు లేదు."

ఇరవై ఏళ్ళుగా గుండెలో మోసిన మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. వినేవాళ్ళే లేకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

"నేను వింటాను," అంది ఐవీ.

జడ్జి కళ్ళజోడు పైనుంచి ఆ పిల్లని చూశాడు. పిటిషన్ కొట్టేస్తున్నానని, రోవెనా టెన్నెసీకి వెళ్ళక తప్పదని మెల్లగా చెప్పి, కావాలనే అనిపించేటంత నిదానంగా కాగితాలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు ముందు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఐవీ కన్నతండ్రి తాగి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని బండి నడిపేవాడని చెప్పింది రోవెనా. ఒకరాత్రి వంతెన గోడకి గుద్దాడని, చంటిదాని నుదుటి నెత్తురు తన జాకెట్టంతా అయిందని చెప్పింది. ఆ ఊళ్ళో ఆయన వాళ్ళ మాటకే విలువని, అందుకే కోర్టు పిల్లని ఆయనకే ఇమ్మందని చెప్పింది. ఐవీకి తెలియకుండానే చెయ్యి కనుబొమ్మ మీది మచ్చ దగ్గరికి వెళ్ళింది.

"మరి చచ్చిపోయాడని ఎందుకన్నావు?"

"పోయిన నాన్నయితే మంచివాడుగా మిగులుతాడనుకున్నా తల్లీ. నీకొక మంచి నాన్న కావాలనుకున్నా."

ఐవీ తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "అక్కడికి నేనూ వస్తాను. ఎందుకు తెచ్చావని అక్కడైనా అడుగుతారుగా. అప్పుడు నీ పక్కనే కూర్చుంటా," అంది.

రోవెనాని తీసుకువెళ్ళాల్సిన పోలీసు దగ్గరికొచ్చి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

ఐవీ తలెత్తకుండానే, "కాస్త ఆగండి. అమ్మ చెప్తోంది," అంది.