పాత లైన్‌లో కొత్త పెట్రోల్

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నీళ్ళ ల్యాబ్ అసిస్టెంటు చనిపోయాడు.

బోరు దగ్గర శాంపిల్స్ పట్టుకుని స్కూటర్ మీద వస్తున్నాడు. నంబరు ప్లేటు లేని ట్యాంకర్ ఒకటి వెనకనుంచి వచ్చి గుద్దింది. ఆగకుండా పోయింది. జేబులో పర్సు ఉంది, చేతికి వాచీ ఉంది. వెనక సీటుకి కట్టిన సీసాల పెట్టె మాత్రం లేదు.

తొమ్మిదింటికల్లా ఆ కబురు గూఢచారి విభాగం చీఫ్ టేబుల్ మీదికి చేరింది. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని విభాగంలో అందరూ ముంగిస అంటారు. పుట్టలో చెయ్యి పెట్టకుండానే పాముని బయటికి రప్పిస్తాడని ఆ పేరు. కన్నతల్లి కాఫీ ఇచ్చినా "ముందు నువ్వు తాగమ్మా" అనే రకమని వెనకాల నవ్వుకుంటారు కూడా.

"బోరు నీళ్ళలో బెంజీన్ ఉందని నిన్న సాయంత్రమే రిపోర్టు రాశాడు," అన్నాడు చీఫ్. "పెట్రోల్‌లో ఉండే విషం అది. తాగితే రక్తం పాడవుతుంది. ఆ పక్కనే పెట్రోల్ నిలవచేసే టెర్మినల్ ఉంది."

"లీకేజీ గురించి రాసినవాణ్ణి చంపుతారా సార్? మహా అయితే ట్రాన్స్‌ఫర్ చేస్తారు."

"నా అనుమానమూ అదే. చూడు, పెట్రోల్ పుట్టుక నుంచి చావు దాకా కాటేస్తూనే ఉంటుంది. తవ్వేచోట నేలని, శుద్ధి చేసేచోట గాలిని, మోసేచోట నీళ్ళని, కాల్చేచోట మన ఊపిరితిత్తుల్ని. ఒక విదేశీ ముఠా ఆ మోసేచోటి మీద కన్నేసింది. వాళ్ళ పథకం ప్రకారం టెర్మినల్ వల్ల ఘోరం జరగాలి. ప్రభుత్వం దాన్ని మూసెయ్యాలి. సప్లయి కాంట్రాక్టు వాళ్ళ కంపెనీకి పోవాలి. ఇవాళ పన్నెండింటికి ముహూర్తం అని మన మనిషి చెప్పింది."

"ఎవరా మన మనిషి?"

"టెర్మినల్‌లో ల్యాబ్ హెడ్. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తోంది." చీఫ్ ఒక పెన్ను అందించాడు. "డిటెక్టర్. గాలిలో పెట్రోల్ ఆవిరి ఉంటే కూస్తుంది. ఎర్ర లైటు వెలిగిందా, నిప్పురవ్వ చాలు."

పదిన్నరకి ఖాకీ చొక్కా, కళ్ళద్దాలు, చేతిలో ఫైలుతో ముంగిస, పెట్రోల్ ఆవిరి తనిఖీ చేసే వేపర్ ఇన్‌స్పెక్టర్ అవతారంలో టెర్మినల్ గేటు దాటాడు. వరసగా తెల్లని ట్యాంకులు. ఎండకి వాటి పైన గాలి నీళ్ళలా ఊగుతోంది. జేబులో పెన్ను అప్పుడప్పుడూ కీచుమంటోంది.

ల్యాబ్ తలుపు తీసినామె సినిమా పోస్టర్ మీంచి దిగొచ్చినట్టుంది. తెల్లకోటు, చెవులకి ముత్యాలు, గదంతా సెంటు ఘుమఘుమ. వాసన పట్టాల్సిన చోట ఈ సెంటెందుకు అనుకున్నాడు ముంగిస.

"ఇవాళ డెన్సిటీ ఎంత మేడమ్?"

"పదిహేను డిగ్రీల దగ్గర అడగండి, చెప్తాను."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మేనేజరే ముఠా మనిషి. పన్నెండింటికి ఏడో ట్యాంకు వాల్వ్ తెరుస్తాడు. మీరు అక్కడే కాపు కాయండి. ఇంకో మాట, పొద్దున పోయినాయన అతని సొంత బావ. అక్క అక్కడ గుండెలు బాదుకుంటుంటే ఈయన తీరిగ్గా డ్యూటీకొచ్చాడు."

ముంగిస కిటికీలోంచి చూశాడు. మేనేజరు బక్కపలచటి మనిషి. చేతిలో బరువైన సంచీ. నలుగురూ ఎటు చూస్తున్నారో కనిపెడుతూ వెనక గేటు వైపు పోతున్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ నడక.

"ఎక్కడికి పోతున్నాడు?"

"పోనివ్వండి," అంది మేడమ్ చటుక్కున. "మీకు ఏడో ట్యాంకు ముఖ్యం."

దొంగని చూపించిన మనిషే దొంగని పోనిమ్మంటోంది. ముంగిస పైకి తలూపాడు కానీ కళ్ళు మాత్రం గదంతా వెతికాయి. సింకు పక్కన ఒక సీసా, లేబుల్ మీద ఆమె చేతిరాత: పాత లైన్, ఇవాళ్టి తేదీ.

"ఇదేంటి?"

"నీళ్ళు. ఆ పాత పైపులైన్ వాడక ఆరేళ్ళయింది. తుప్పు పట్టకుండా నీళ్ళు నింపి ఉంచారు."

ఆమె ఫోను మోగింది. అటు తిరిగింది. ముంగిస మూత తీసి ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాడు. సెంటు ఘాటులో వాసన తెలియలేదు. కానీ చుక్క మంచులా తాకి, రెప్పపాటులో మాయమైంది. నీళ్ళు అలా మాయం కావు.

సీసా జేబులో పడింది. "ఏడో ట్యాంకు దగ్గర ఉంటాను మేడమ్," అని బయటికొచ్చి, నేరుగా జీపెక్కాడు. "ఆ సంచీ మనిషి వెనకాలే పోనీ," అన్నాడు డ్రైవర్‌తో.

మేనేజరు మోపెడ్ ఊరి మంచినీళ్ళ రిజర్వాయర్ గట్టు మీద ఆగింది. ఇనుప మూత ఎత్తి ఒక గుంతలోకి దిగాడు. పది లక్షల మంది తాగే నీళ్ళు అవతల పది అడుగుల దూరంలో మెరుస్తున్నాయి. పన్నెండు కొట్టడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

ముంగిస గుంత అంచున నిలబడ్డాడు. "పైకి రండి. బావగారు పోయిన రోజున ఇక్కడేం పని?"

మేనేజరు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "మీరెవరి మనిషి? వాళ్ళ మనిషైతే ఆ మూత వేసి పొండి. కాకపోతే దిగి సాయం పట్టండి." జేబులోంచి ఒక నోటుబుక్కు తీసి పైకి విసిరాడు. "రాత్రి బావ నా చేతికిచ్చాడు. నేను వెంటనే నమ్మలేదు. నమ్మి ఉంటే ఇవాళ మా అక్క..."

ముంగిస పేజీలు తిప్పాడు. ఏ బోరులో ఎంత బెంజీన్ ఉందో వరసగా రాసి ఉంది. ఆ బోర్లన్నీ కలుపుతూ గీసిన గీత పాత లైన్ మీదుగా సరిగ్గా ఈ గుంత దాకా వచ్చింది.

"నీళ్ళు తీసేసి పెట్రోల్ నింపారు," అన్నాడు మేనేజరు. "అది దారి పొడుగునా కారి బోర్లలో పడుతోంది. ఇదిగో, వాల్వ్‌కి కొత్తగా నిప్పురవ్వ రాని మోటారు బిగించి టైమర్ పెట్టారు. పన్నెండింటికి తెరుచుకుంటే మొత్తం రిజర్వాయర్‌లోకే."

"వైరు కోసెయ్యండి!"

"కోస్తే నిప్పురవ్వ వస్తుంది. ఇక్కడంతా పెట్రోల్ ఆవిరే."

పెన్ను గుక్కపట్టి ఏడుస్తోంది. ఎర్ర లైటు ఆరడం లేదు.

"మోటారుకీ వాల్వ్‌కీ మధ్య ఒక పిన్ను ఉంది. అది ఊడగొడితే మోటారు ఉత్తినే తిరుగుతుంది," అంటూ మేనేజరు సంచీలోంచి ఇత్తడి సుత్తి తీశాడు. ఇత్తడికి నిప్పు రాలదు. ఠక్. ఠక్. పిన్ను కదల్లేదు.

"ఏడో ట్యాంకు దగ్గర లేకపోతే ఇక్కడే ఉంటారనుకున్నాను. సుత్తి పడెయ్యండి."

గట్టు మీద అప్పుడే వచ్చి ఆగిన కారు తలుపు తెరిచి ఉంది. మేడమ్ చేతిలో పిస్తోలు.

"కొట్టండి, ఆపకండి," అన్నాడు ముంగిస మేనేజరుతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "కాల్చండి మేడమ్. ఈ ఆవిరిలో ట్రిగ్గర్ నొక్కితే ముగ్గురం కలిసే పోతాం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషికి ప్రాణం తీపి ఎక్కువంటారు."

ఆమె నవ్వింది. పిస్తోలు దించకుండానే గాలి ఎటునుంచి వస్తోందో అటువైపుకి ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. ముంగిస పెన్ను పట్టుకుని ఆమె అడుగులో అడుగు వేశాడు. కూత పలచబడింది. ఎర్ర లైటు పసుపైంది. పసుపు ఆకుపచ్చకి తిరుగుతోంది. అది తిరగ్గానే ఆమె కాలుస్తుంది.

ముంగిస జేబులోంచి సీసా తీసి మూత లాగి విసిరాడు. పెట్రోల్ ఆమె కోటు మీద, చేతి మీద, పిస్తోలు మీద చిమ్మింది. పెన్ను మళ్ళీ గొల్లుమంది.

"మీరు తీసిన శాంపిలే మేడమ్. ఇప్పుడు కాల్చండి."

ఆమె ముఖంలో మొదటిసారి రంగు పోయింది. పిస్తోలు గడ్డిలో పడింది. ఆ క్షణంలోనే గుంతలో మోటారు బుర్రుమంది. పన్నెండు.

ఠక్!

మోటారు తిరుగుతూనే ఉంది. ముంగిసకి గుంతలోకి చూడటానికి ధైర్యం చాల్లేదు. నీళ్ళ వైపు చూశాడు. ఒక్క రంగుల తెట్టు కూడా లేదు.

"ఊడింది," అంది గుంతలోంచి ఒక గొంతు. తర్వాత సుత్తి చప్పుడు ఆగింది, ఏడుపు మొదలైంది. మేడమ్‌ని జీపు డ్రైవర్‌కి అప్పజెప్పి, ముంగిస దిగి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఒంటిగంటకి మేడమ్‌నీ, ఆమె ఫోనులో దొరికిన ట్యాంకర్ డ్రైవర్ నంబరునీ పోలీసులకి అప్పజెప్పి, జీపులో ఆఫీసుకి బయల్దేరాడు. పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ముందూ వెనకా బస్సులు, కార్లు, ఆటోలు. అన్నీ ఇంజన్లు ఆపకుండా పొగ వదులుతున్నాయి. జేబులో పెన్ను సన్నగా మూలుగుతోంది.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. ముఠా మొత్తం దొరికినట్టేనా? ఇంకెవరైనా మిగిలారా?"

ముంగిస అటూ ఇటూ చూశాడు. డ్రైవర్ భుజం తట్టి ఇంజన్ ఆపించాడు.

"ఇక్కడే ఓ రెండొందల మంది కనిపిస్తున్నారు సార్. ఒకడు ఇప్పుడే లొంగిపోయాడు."