బొగ్గు తవ్వేది, సుద్ద కాపలా కాసేది

రండి, ఇలా దగ్గరకొచ్చి కూచోండి. ఆ చివరున్న పిల్లా, ఫోను పక్కన పెట్టి నువ్వు కూడా ఇటు జరుగు. రెండు కుక్కలు తవ్విన గుంతలో ఒక అబ్బాయీ అమ్మాయీ ఎలా పడ్డారో చెప్తాను. పడ్డారంటే మాటవరసకి కాదు. అబ్బాయి నిజంగానే పడ్డాడు. అమ్మాయి పడటానికి కాస్త టైం పట్టింది.

అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. వచ్చినవాళ్లని కుర్చీలో కూచోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించి, ఎవరికి ఏ అద్దం కావాలో తేల్చేది. మేనత్తే పెంచింది. ఆ మేనత్త ఎలాంటి మనిషంటే, మామూలుగా మాట్లాడినా వీధి మలుపు దాకా వినిపిస్తుంది. కోపమొస్తే మలుపు తిరిగి అవతలకి కూడా వెళ్తుంది. ఆవిడకి రెండే ప్రాణం. ఒకటి మేనకోడలు, రెండు గులాబీలు.

మేనకోడలికేమో రెండు కుక్కలు ప్రాణం. ఒక వానరోజు షాపు వెనకాల ఖాళీ అట్టపెట్టెలో ముడుచుకుని కనిపిస్తే ఒళ్లో వేసుకుని తెచ్చింది. నల్లదాని పేరు బొగ్గు, తెల్లదాని పేరు సుద్ద.

గేటు నుంచి మెట్ల దాకా సన్నటి బాట. దానికి రెండు పక్కలా గులాబీలు పుయ్యాలని అత్త కోరిక. పొద్దున మొక్క నాటితే సాయంత్రానికి అక్కడ గుంత. బొగ్గు తవ్వేది, సుద్ద పక్కన నిలబడి ఎవరైనా వస్తున్నారేమోనని కాపలా కాసేది. పని అయ్యాక రెండూ వెళ్లి మెట్లమీద పడుకునేవి. ముక్కునిండా మట్టి పెట్టుకుని, ఏ పాపం ఎరగని మొహాలతో.

అమ్మాయి కుక్కల్ని ఏమీ అనలేక తిన్నగా నర్సరీకి వెళ్లి అక్కడి మొక్కల అబ్బాయితో తగువేసుకుంది.

"మీ మొక్కలు నేలలో నిలబడవా?"

అతను ఏదో చీటీని ముక్కుకి ఆనించుకుని చదువుకుంటున్నాడు. తలెత్తాడు. "నిలబడతాయండీ. నిలబడనిచ్చేవాళ్లు ఉండాలి."

"అంటే తప్పు మాదా?"

"చూడకుండా ఎలా చెప్పను? సాయంత్రం వచ్చి చూస్తాను."

"రండి. వచ్చి, చూసి, అప్పుడు మాట్లాడండి."

వచ్చాడు. రెండు చేతులా కుండీ పట్టుకుని వచ్చాడు. ఒక అడుగు గేటు లోపల, రెండో అడుగు గుంతలో. కుండీ ఒక పక్క, మనిషి ఒక పక్క. సుద్ద పరిగెత్తుకొచ్చి అతని చెవి నాకింది. బొగ్గు ఎదురుగా కూచుని, తన పనితనం ఎలా ఉందో చెప్పమన్నట్టు చూసింది.

"చూశారా?" అంది అమ్మాయి.

"చూశానండీ. బాగా దగ్గర నుంచి చూశాను."

నవ్వకూడదనుకుని చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వేళ్ల సందుల్లోంచి కారిపోయింది.

మెట్లమీంచి అత్త అడిగింది, "ఎవరే అది, పడ్డది?"

"మొక్కల అబ్బాయి అత్తా."

"మొక్కకేం కాలేదు కదా?"

ఆ రోజు అతనే గుంత పూడ్చి, మొక్క మళ్లీ నాటాడు. నాటేముందు సంచిలోంచి ఒక డబ్బా తీసి, గుప్పెడు తెల్లటి పొడి వేరు చుట్టూ చల్లాడు.

"అదేమిటి?" అడిగింది అమ్మాయి.

"బలం మందు. మా నాన్న ఏ మొక్క నాటినా ఇది వెయ్యనిదే చెయ్యి కడుక్కోడు."

"అయితే ఇంకో గుప్పెడు వెయ్యి బాబూ," అంది అత్త. "బక్కచిక్కి ఉంది మొక్క."

వేశాడు. మర్నాటికి గుంత ఇంకాస్త పెద్దదైంది.

అప్పట్నుంచి చూడాలి వాళ్ల అవస్థ. గుంతల్లో రాళ్లు నింపారు. బొగ్గు ఒక్కొక్క రాయీ తీసి మెట్లమీద వరసగా పేర్చింది. అత్త మిరియాల పొడి చల్లింది. కుక్కలు ఒకసారి తుమ్మి ఊరుకున్నాయి, అత్త పొద్దుగుంకేదాకా తుమ్మింది. నారింజ తొక్కలు వేస్తే కుక్కలు ఆ వాసనకి రావని అమ్మాయి ఎక్కడో చదివింది. సుద్ద ఆ తొక్కలన్నీ తినేసింది. గుంత పడ్డ ప్రతిసారీ అతను రావడం, పూడ్చడం, నాటడం, గుప్పెడు పొడి చల్లడం. వచ్చినవాడు పోవడానికి తొందరేమీ పడేవాడు కాదు. అమ్మాయి కూడా షాపు నుంచి ఇంటికి తొందరగా వస్తోందని అత్త కనిపెట్టింది గానీ, అప్పటికి నోరు మెదపలేదు.

ఒకరోజు అతను చీటీమీద రంగు పేరు తప్పు చదివి, ఎర్ర గులాబీ అని పసుపు గులాబీ తెచ్చాడు.

"మీకు కళ్లు కనిపిస్తున్నాయా అసలు?" అంది అమ్మాయి.

"కావాల్సినవి కనిపిస్తున్నాయి."

"రేపు షాపుకి రండి. ఏవి కనిపిస్తున్నాయో నేను చూస్తాను."

షాపులో కుర్చీలో కూచోబెట్టింది. "కింది వరస చదవండి."

"కింద వరస కూడా ఉందా?"

అద్దాలు మార్చింది. ఆమె దగ్గరగా వంగి ఫ్రేము సరిచేస్తుంటే అతను ఊపిరి బిగబట్టి కూచున్నాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగా కనిపిస్తోంది. మీ బుగ్గమీద చిన్న మచ్చ ఉంది."

"నేను చదవమన్నది గోడమీద," అంది. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

జోడు ఇచ్చేటప్పుడు చెప్పింది, "కొత్త ఫ్రేము కదా, స్క్రూ వదులవుతూ ఉంటుంది. వారం వారం వచ్చి బిగించుకోవాలి." వెనకాల లెన్సులు తుడుస్తున్న షాపు యజమాని ఒక్కసారి తల ఎత్తి చూసి, మళ్లీ తుడవసాగాడు.

ఆ కళ్లజోడు పెట్టుకుని అతను గులాబీ నాటడానికి వచ్చిన రోజున ఒకటి జరిగింది. పొడి చల్లి చెయ్యి దులుపుకోబోతుంటే బొగ్గు వచ్చి ఆ అరచెయ్యి నాకింది. వదలకుండా నాకింది. దాని ముక్కుమీద మట్టితోపాటు తెల్లటి పొడి. అతను కుక్కని చూశాడు, డబ్బాని చూశాడు, మళ్లీ కుక్కని చూశాడు. మొహం మారిపోయింది.

"ఏమైంది?" అంది అమ్మాయి.

"ఏం లేదండీ." నీళ్లు సగం పోసి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినా అంతే. పొడి వెయ్యలేదు, ఏదో చెప్పబోయాడు, చెప్పలేదు.

అప్పటికే నేలలో ఉన్నది ఎక్కడికి పోతుంది? ఆ వారంలోనే అత్త చీకటిపడే వేళ గేటు వెయ్యడానికి వెళ్లి గుంతలో కాలేసింది. చీలమండ బెణికింది. కట్టు కట్టించుకుని మంచంమీద కూచుని, మేనకోడలి మొహం చూడకుండా చెప్పింది.

"దిక్కులేని కుక్కల్ని ఉంచే శాలవాళ్లతో మాట్లాడాను. ఆదివారం బండి వస్తుంది. రెండిటినీ ఒకేచోట ఉంచుతారట."

"అత్తా..."

"అవంటే నాకు పడక కాదే. ఈసారి కట్టుతో పోయింది. ఇంకోసారి పడి మంచాన పడితే నిన్నెవరు చూస్తారు?"

అరిస్తే ఎదురు చెప్పేదే. అత్త మెల్లిగా మాట్లాడేసరికి అమ్మాయి లేచి వెళ్లి మెట్లమీద రెండు కుక్కల మధ్య కూచుంది.

శనివారం వాన. అతను గొడుగు లేకుండా వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. చేతిలో మొక్క లేదు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు. "ఆ పొడి ఎముకల పొడి. గులాబీకి బలమే. కానీ కుక్కకి విందు పెట్టి, దానిమీద మట్టి కప్పినట్టు. మీ కుక్కల తప్పేం లేదు. తవ్వించింది నేను."

"ఎప్పుడు తెలిసింది?"

"జోడు పెట్టుకున్నాక."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

వాన నీళ్లు అద్దాలమీంచి కారుతున్నాయి. తుడుచుకోలేదు. "చెప్తే గుంతలు ఆగిపోతాయి. గుంతలు ఆగిపోతే నేనెందుకు రావాలి?"

"మా అత్త కాలు విరగ్గొట్టుకోబోయింది. రేపు బండి వస్తోంది. నువ్వు... మీరు రావడం కోసమా ఇదంతా?" గేటు గడియ పెట్టేసి లోపలికి వచ్చేసింది.

కిటికీ దగ్గర అత్త అంతా వింది. "గడియ తియ్యవే. తడుస్తున్నాడు."

"తడవనీ అత్తా. అబద్ధాలకోరు."

రుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి తగిలింది చిన్న స్క్రూడ్రైవరు. షాపులో వాడేది, చిటికెన వేలంత ఉంటుంది. దాన్ని అలా చూస్తూ నిలబడిపోయింది. కోపం ఎక్కడిదక్కడే ఆగి, సిగ్గుపడి, వెనక్కి తిరిగింది.

గొడుగు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. "ఆ కళ్లజోడు ఇటివ్వండి."

వెనక్కి తీసుకుంటోందనుకుని దిగాలుగా ఇచ్చాడు. ఆమె గొడుగు భుజానికి ఆనించుకుని, రెండు స్క్రూలూ గట్టిగా బిగించింది.

"ఇంక ఏడాది దాకా కదలవు. మొదటిరోజే ఇలా బిగించచ్చు. నేను బిగించలేదు."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక జోడు లేకుండానే లోకమంతా కనిపించినట్టు నవ్వాడు.

"నవ్వకండి. నా స్క్రూ వల్ల ఎవరూ గుంతలో పడలేదు. ముందు ఆవిడకి చెప్పి, నా కుక్కల సంగతి చూడండి."

అత్త ముందు నిలబడి మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. అత్త విని, "ఇప్పుడేం చేస్తావు?" అంది.

"పొడి కలిసిన మట్టంతా తీసేసి కొత్త మట్టి వేస్తాను. కానీ తవ్వే కుక్క తవ్వుతుందండీ. వెనక గోడవారన దానికంటూ ఒక చోటు ఇద్దాం. ఇసక పోసి, అందులో దానికిష్టమైనవి పాతిపెడదాం."

"రేపు పొద్దున నా బాటమీద గుంత కనిపిస్తే బండి రానే వస్తుంది," అంది అత్త.

వానలోనే ఇద్దరూ మట్టి ఎత్తారు. వెనక గోడవారన నాలుగు చెక్కలు పాతి ఇసక నింపారు. అమ్మాయి అందులో బొగ్గుకి ఇష్టమైన పాత చెప్పు పాతింది, అతను మాంసం కొట్టుకి వెళ్లి తెచ్చిన పెద్ద ఎముక పాతాడు. సుద్ద దూరం నుంచి అంతా చూసి, వెళ్లి బొగ్గుకి చెప్పినట్టే ఉంది.

పొద్దున అత్త కర్రపట్టుకుని, ఒక్కొక్క మొక్కనీ కర్రతో తడుముతూ గేటు దాకా వెళ్లింది. బాట నున్నగా ఉంది. వెనక గోడవారన మాత్రం ఇసక ఎగిరి పడుతోంది. బొగ్గు తోక తప్ప ఏమీ కనిపించడం లేదు. సుద్ద కాపలా.

అత్త ఫోన్ చేసింది. "బండి వద్దులెండి. మా కుక్కలకి ఇక్కడే పని దొరికింది."

అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మాయి దగ్గరికి వెళ్తే గొంతు తగ్గించి అన్నాడు, "గుంతలు లేవు, స్క్రూ కదలదు. ఇంక నేను ఏ వంకతో రావాలండీ?"

అమ్మాయి జవాబు వెతుక్కునేలోపే మెట్లమీంచి గొంతు వచ్చింది. వీధి మలుపు దాకా వినిపించింది.

"వంక లేకుండా రా. వచ్చేటప్పుడు మీ నాన్నని కూడా తీసుకురా. ఆ పొడి గురించి ఆయనతో మాట్లాడాలి. ఇంకో సంగతి కూడా మాట్లాడాలి."

ఈసారి అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అదమ్మా సంగతి. మర్చిపోకండి. రేపు మీ ఇళ్లలో ఏ కుక్కయినా గుంత తవ్విందనుకోండి, దాన్ని తిట్టేముందు పిల్లల్ని దగ్గర కూచోబెట్టుకుని ఇది చెప్పండి. బొగ్గు పేరూ సుద్ద పేరూ మార్చకండి. స్క్రూ సంగతి మాత్రం అస్సలు వదిలెయ్యకండి.