రెండూ ఎడమవే

మనిషికి పొరపాటు చేసినందుకు థాంక్స్ చెప్పేవాళ్ళు ఉంటారా? నేనున్నాను. మా ఆయన చేసిన ఒక్క పొరపాటుకి ఈరోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

మా నాన్న చెప్పులు కుడతాడు. నేను వాటికి డిజైన్లు గీసి, అట్టతో నమూనాలు కత్తిరిస్తాను. ఆఫీసు ఉద్యోగం వదిలేసి, పని నేర్చుకుంటానని ఒకబ్బాయి మా షాపుకొచ్చాడు. వచ్చిన రోజే నాతో గొడవ.

"ఏవండీ, ఈ అట్టముక్కలు పారేయనా?"

"అవి నా డిజైన్లు! వాటిని పారేస్తే, మిమ్మల్నీ వాటితోపాటే పారేస్తా."

నవ్వి ఊరుకున్నాడు మహానుభావుడు. ఆ నవ్వే నా కొంప ముంచింది.

కొన్నాళ్ళకి నాన్న అతనికి పరీక్ష పెట్టాడు.

"అమ్మాయి కాలికి ఒక జత నీ అంతట నువ్వే కుట్టు బాబూ. కుదిరితే ఇక్కడే ఉండిపో. కుదరకపోతే మళ్ళీ ఆఫీసు చూసుకో."

కాగితం మీద నా పాదం పెట్టించి చుట్టూ పెన్సిల్ తిప్పాడు, చెరిపి మళ్ళీ తిప్పాడు.

"కొలత తీస్తున్నారా, చక్కిలిగింతలు పెడుతున్నారా?"

"కదలకండి, ప్లీజ్. నా బతుకంతా ఈ గీతలోనే ఉంది."

ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది.

మర్నాడు బయట ఒకటే వాన. చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు. కుట్టు ఎంత ముద్దొచ్చిందో! తీరా కాళ్ళు పెట్టి చూస్తే ఏముంది! రెండూ ఎడమ కాలివే. ఒక కాలికి తోలు కోశాక, అట్టని తిరగేసి రెండో కాలికి కొయ్యాలి. ఆ తిరగెయ్యడం మర్చిపోయాడు.

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మాస్టారొస్తున్నారు. నా పని అయిపోయిందండీ."

"మీరు నోరెత్తకండి," అన్నాను.

నాన్న ముందు అటూ ఇటూ నడిచాను. కుడికాలి బొటనవేలు చెప్పు దాటి నేలకి రాసుకుంటోంది. ప్రాణం పోతోంది.

"దూదిలా ఉన్నాయి నాన్నా!"

నాన్న కళ్ళజోడు సవరించుకున్నాడు. నా కాళ్ళు చూశాడు, నా మొహం చూశాడు.

"చిన్నప్పుడు చెప్పులో ఇసుక పడితేనే ఇల్లు పీకి పందిరేసేదానివి. ఇప్పుడు రెండు ఎడమ చెప్పులేసుకుని దూదంటావేంటే?"

దొరికిపోయాను. "ఈయన వెళ్ళిపోతే నేనుండలేను నాన్నా," అనేశాను. అని నాలిక్కరుచుకున్నాను.

అతను బిత్తరపోయాడు. "నేనూ అదే... చెప్పులు కుదిరాక చెబుదామని..." అని నసిగాడు.

నాన్న చెప్పు తీసుకుని కుట్టు పట్టి గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు.

"చెయ్యి మంచిదే. వీటికి రెండు కుడివి కుట్టు. రెండు జతలవుతాయి. ఒకటి రోజూ వేసుకుంటుంది."

"రెండోది మాస్టారూ?"

"పెళ్ళికి."

నాకు ఏడుపొచ్చేసింది. నాన్న చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అతనేమో అప్పుడే అట్టా, తోలూ ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏవండీ," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారైనా తిరగెయ్యండి."