రెండు చోట్ల ఒకే గురి

మంగళవారం ఉదయం 7:12. గన్‌ఫౌండ్రీ వెనక గల్లీలో అమరేశ్వరరావు తన రెండో అంతస్తు బాల్కనీలో గోడ అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. తూటా తల వెనక దూరింది. ఎడమ కంటి కింద నుంచి బయటికొచ్చి, అద్దాన్ని పగలగొట్టి గోడలో దిగింది.

తువ్వాలు అందించడానికి గుమ్మంలోకి వచ్చిన తమ్ముడు రవిచంద్ర చొక్కా మీద రక్తం, ఎముక ముక్కలు పడ్డాయి.

చప్పుడు గల్లీ గోడలకు కొట్టుకుని తిరిగింది. ఎటునుంచి వచ్చిందో ఇద్దరు మనుషులు ఒకేలా చెప్పలేదు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ కామాక్షి 7:50కి చేరింది. గోడలోని రంధ్రం నుంచి తల ఉండే ఎత్తు మీదుగా బాల్కనీ చివరికి దారం కట్టించింది. ఆ దారం వెంట చూసింది. చూపు రేకుల షాపుల మీదుగా పోయింది. ఎదురు వరసలోని టెంట్‌హౌస్ డాబా పిట్టగోడకు జానెడు పైనుంచి దాటింది. దాని వెనక ఆరంతస్తుల లాడ్జి డాబా మీద ఆగింది.

లాడ్జి నీళ్ల ట్యాంకు కింద రైఫిల్ దొరికింది. అది అమరేశ్వరరావు సొంత లైసెన్స్ రైఫిల్. రెండు నెలల కింద ఆయన ఆఫీసు బీరువాలోంచి పోయింది. పోయినప్పుడు దాని మీద స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, లేదు. ఇప్పుడు ఉంది.

లాడ్జి వాచ్‌మన్ పేరు అంజన్. అంతకుముందు అడవిలో అటవీ శాఖ బేస్ క్యాంపులో పనిచేశాడు. తుపాకి పట్టినవాడు. నాలుగు రోజుల కింద, కారు పెట్టే జాగా దగ్గర మాటామాటా పెరిగి, అమరేశ్వరరావు అతన్ని నడివీధిలో చెంప మీద కొట్టాడు.

పోలీసులు పై అంతస్తు దిగేలోపు రావు మనుషులు అంజన్‌ను మెట్ల మీద పట్టుకున్నారు. ఇనుప పైపుతో కొట్టారు. ఎడమ చేతి ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. సాయంత్రం ఐదింటికి దవాఖానలోనే అరెస్ట్ చూపించారు.

అదే సాయంత్రం పోలీసు ఆయుధాల నిపుణుడు రైఫిల్‌ను పరీక్షించి రిపోర్ట్ ఇచ్చాడు. స్కోప్ వంద మీటర్లకు జీరో చేసి ఉంది, అంటే ఆ దూరంలో గురిపెట్టినచోటే తూటా తగులుతుంది. లాడ్జి డాబా నుంచి బాల్కనీకి 104 మీటర్లు.

"సరిపోయింది కదమ్మా. ఇంకేం కావాలి?" అన్నాడు ఏసీపీ.

కామాక్షి రిపోర్ట్‌ను మళ్లీ మొదటి నుంచి చదివింది.

బుధవారం ఉదయం వార్డు బయట అంజన్ భార్య జమున ఆమెకు అడ్డం నిలబడింది.

"చెయ్యి కుళ్లుపడుతున్నదట మేడం. ఈ పొద్దే ఆపరేషన్ గావాలె అన్నడు డాక్టర్. మీరేమో జైలుకు తోలుతమంటున్రు."

"సాయంత్రం ఐదులోపు రిమాండ్ కావాలి. రిమాండ్ అయ్యాక జైలు దవాఖానకు మారుస్తారు."

"గాడ కోస్తరా? తెల్లారేదాంక ఉంటడా ఈయన?"

"డాక్టర్‌తో మాట్లాడతాను."

"డాక్టరేం జేస్తడు? కాయితం మీ చేతిల ఉన్నది."

కామాక్షి లోపలికి వెళ్లింది. ఎస్సై బాలమల్లు వెనకే వచ్చాడు. అంజన్ మొహం వాచి ఉంది. మాట వస్తోంది.

"స్కోప్ ఎప్పుడు బిగించావు?"

"స్కోపా? దాని సంగతే నాకెర్కలేదు మేడం. అడివిల మాకిచ్చింది పాత తుపాకి. గొట్టం కొన మీది గింజతోని గురి సూసుడే."

"రావు కొట్టాడని కోపం లేదా?"

"ఎందుకుండది? శానా ఉండె. తిట్టుకున్న. అన్నం దిన్న. పండుకున్న."

"ఈ రెండు నెలల్లో ఊరు దాటావా?"

"లాడ్జిల నేనొక్కన్నే. మా అక్క బిడ్డ పెండ్లికే పోలే. గేటు ఎవడు దీస్తడు?"

లాడ్జి మేనేజర్ అదే మాట చెప్పాడు. కెమెరాలోనూ అదే ఉంది.

బయటికొచ్చాక బాలమల్లు అన్నాడు: "ఖూనీ చేసినోడు ఎప్పుడన్న చేసిన అంటడా మేడం?"

"అనడు. ఒకటి చెప్పు. కొత్త స్కోప్ బిగించాక ఏం చేయాలి?"

"కాల్చి చూడాలె. తూటా ఏడ తగుల్తున్నదో చూసి మరలు తిప్పాలె. మళ్ల కాల్చాలె."

"దాన్నే జీరో చేయడం అంటారు. చేయకుండా ఎవడూ తలకు గురిపెట్టడు. వంద మీటర్లకు చేయాలంటే వంద మీటర్ల జాగా కావాలి. ఆబిడ్స్ దాటనివాడికి ఆ జాగా ఎక్కడ దొరికింది?"

బాలమల్లు తల గోక్కున్నాడు. "లాడ్జి కారిడార్ల?"

"గదుల్లో జనం ఉంటారు బాలమల్లూ."

పదకొండింటికి ఇద్దరూ ఫైరింగ్ రేంజ్‌లో ఉన్నారు. కామాక్షి ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి పడుకుంది. వంద మీటర్ల బోర్డుకు ఐదు తూటాలు కాల్చింది. ఐదూ నడిమధ్య పిడికెడంత చోటులో తగిలాయి. నిపుణుడి రిపోర్ట్ తప్పు కాదు.

"బోర్డు దగ్గరికి తెప్పించు. యాభైకి."

యాభై దగ్గర తూటాలు నడిమధ్యకు వేలి మందం పైన తగిలాయి.

"ఇరవైకి."

ఇరవై దగ్గర కింద తగిలాయి.

బాలమల్లు బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి, వేలు పెట్టి చూసి వచ్చాడు. "ఇదేంది మేడం? దగ్గరికి తెస్తే యాభైల పైకి పోయింది. ఇంక దగ్గరికి తెస్తే కిందికి దిగింది. తూటా తాగి ఉన్నదా?"

"ఆ రెంటికీ నడుమ పెట్టించు. ముప్పై."

ముప్పై దగ్గర మళ్లీ నడిమధ్యలోనే తగిలాయి. రెండు మీటర్లు వెనక్కి జరిపించింది. అక్కడా అంతే.

కామాక్షి లేచి మోచేతుల మట్టి దులుపుకుంది.

"స్కోప్ పైన ఉంటుంది. గొట్టం కింద ఉంటుంది. తూటా కింది నుంచి బయల్దేరి పైకి లేస్తూ గురిగీతను ఒకసారి దాటుతుంది. దిగేటప్పుడు రెండోసారి దాటుతుంది. ఈ రైఫిల్ వందకు జీరో అయితే ముప్పై ప్రాంతంలో కూడా జీరోనే. ముప్పైలో చేసినా వందకు సరిపోతుంది. మనం ఒక్క దూరమే చూశాం."

"అంటే లాడ్జి గాదా?"

"అదే గీత మీద, బాల్కనీకి ముప్పై మీటర్లలో ఏముంది?"

బాలమల్లు నేల మీద వేలితో గీత గీసి చూశాడు. "టెంట్‌హౌస్ డాబా."

టెంట్‌హౌస్ బుచ్చిబాబుది. అతను అమరేశ్వరరావు భార్య తమ్ముడు, రైఫిల్ క్లబ్బులో పాత సభ్యుడు. బిల్డింగ్ మాత్రం రావుది. అమ్మకానికి బేరం కుదిరింది. ఖాళీ చేయనన్నందుకు శుక్రవారం రావు మనుషులు సామాను గల్లీలోకి విసిరారు. అప్పుడు వాన పడుతోంది. బుచ్చిబాబు సామాను మళ్లీ లోపలికి చేర్చి, తడిసిన షామియానాలను డాబా మీద తాళ్లకు ఆరేయించాడు. అవి ఇంకా అక్కడే వేలాడుతున్నాయి. వాటి వెనక మనిషి కూర్చుంటే లాడ్జి నుంచి కనపడడు. పక్క డాబాల నుంచీ కనపడడు.

కామాక్షి పిట్టగోడ మీద టేపు ఆనించింది. అవతలి కొన బాల్కనీ అద్దం మేకుకు పట్టించింది. 32 మీటర్లు.

డాబా కింద హాలు ఈ గల్లీ నుంచి ఆ గల్లీ దాకా ఉంది. అందులో పనివాడు పోచయ్య ఒక్కడే కుర్చీలు పేరుస్తున్నాడు.

"ఆదివారం అందరూ పనిలోకి వచ్చారా?"

"లేదు మేడం. సేటు సెలవిచ్చిండు. జనరేటర్ రిపేర్ ఉన్నదన్నడు. అది పొద్దుగూకేదాంక మొత్తుకున్నదట. పక్కింటాయన తెల్లారి నా మీద పడ్డడు, నేనేదో ఇంజను మింగినట్టు."

"సోమవారం వచ్చేసరికి ఇక్కడ ఏమైనా మారిందా?"

"ఏం మార్తది?" అని చేతిలోని కుర్చీ దించాడు. "జంపఖానా చుట్టలు నడిమిట్ల నిలవెట్టి ఉండె. ఎన్కకు ఇసుక డబ్బాలు, గుంజల కింద పెడ్తమే, అవి. మేం నడిచేది ఎట్ల సేటూ అంటే, ముట్టకు అన్నడు."

"ఇప్పుడవి ఎక్కడున్నాయి?"

"పెద్దసారు పోయిండు గద. ఆయింటి ముందల పందిరి మాదే. సేటు ఏడ్సుకుంట ఆడనే ఉండె. ఎవర్ని అడగాలె? అడ్డమున్నయని అవే ముందుగాల ఎత్తుకపోయిన."

హాలు మధ్యలో నేల మీద ఇసుక రాలి ఉంది. అక్కడి నుంచి వీధివైపు గోడకు టేపు పెట్టారు. 32.

"నిన్న పొద్దున లాడ్జికి సామాను పోయిందా?"

"ఔ. గాడ డాబా మీద ఎంగేజ్‌మెంట్ ఉండె. ఏడున్నరకు పోయినం. ఎన్నడు భుజం పెట్టనోడు, సేటే ఒక చుట్ట ఎత్తుకున్నడు. నేను నవ్విన గూడ."

మూడున్నరకు కామాక్షి అమరేశ్వరరావు ఇంటి ముందు పందిట్లోకి వచ్చింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు జంపఖానా మీద కూర్చున్నారు. రవిచంద్ర, బుచ్చిబాబు పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు.

"కాస్త లేస్తారామ్మా?"

"మోకాళ్లు పట్టేశాయి తల్లీ. ఎక్కడికి లేవమంటావు?" అంది ఒక ముసలావిడ.

రవిచంద్ర కుర్చీలోంచి లేచాడు. "ఏంటండీ ఇది? మనిషి పోయి రెండ్రోజులు కాలేదు. వాడికి రిమాండ్ పెట్టించాల్సింది పోయి ఇక్కడ పరుపులు దులుపుతున్నారా?"

"రెండు నిమిషాలండీ."

బాలమల్లు, పోచయ్య కలిసి ఒక్కొక్కటే తిరగేశారు. రెండో జంపఖానాకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వరసలో రంధ్రాలున్నాయి. మొదట దూరం దూరంగా, పోనుపోను దగ్గరగా.

"చుట్టి నిలబెట్టినప్పుడు దూరింది ఒక్క తూటా," అంది కామాక్షి. "పరిస్తే ఇన్ని రంధ్రాలు."

"పాతవండీ అవి," అన్నాడు బుచ్చిబాబు. "గోడౌన్లో ఎలకలు కొడతాయి."

"ఎలకలు వరస తప్పకుండా కొడతాయా బుచ్చిబాబు గారూ?"

మూల గుంజ కింద డబ్బాకు చిల్లి ఉంది. దాని కింద ఇసుక కుప్ప పడింది. బాలమల్లు గుంజ తప్పించి డబ్బా బోర్లించాడు. ఇసుకతో పాటు మూడు తూటాలు రాలాయి. ముక్కులు చితికి ఉన్నాయి.

రవిచంద్ర వాటిని చూశాడు. తర్వాత అన్న బావమరిదిని చూశాడు.

"మీరు డాబా నుంచి అద్దం దాకా టేపు పెట్టి కొలిచారు బుచ్చిబాబు గారూ," అంది కామాక్షి. "అదే కొలతకు హాల్లో జంపఖానాలు నిలబెట్టారు. ఆదివారం జనరేటర్ వేసి జీరో చేశారు. రైఫిల్ క్లబ్బులో ఏళ్ల తరబడి కాల్చినవాళ్లు మీరు. ముప్పైకి పెడితే వందకూ పడుతుందని తెలుసు. అందుకే పని కాగానే రైఫిల్ చుట్టలో పెట్టి లాడ్జికి మోశారు. ఇసుక డబ్బాలు తీసేయడానికి మాత్రం టైం దొరకలేదు. ఈలోపు పందిరి వేయాల్సొచ్చింది."

బుచ్చిబాబు వంగాడు. లేచేటప్పుడు చేతిలో గుంజ మేకు ఉంది, మూరెడు ఇనుము. దాన్ని బాలమల్లు దవడ మీద కొట్టాడు. పళ్లు, రక్తం జంపఖానా మీద పడ్డాయి. రెండో దెబ్బ కామాక్షి భుజానికి తగిలింది. తాడు తెగి పందిరి ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు అరుస్తూ గోడకు పోయారు.

అతను గల్లీ మలుపు దాకా పరిగెత్తాడు. అక్కడ రవిచంద్ర మనుషులు పట్టుకున్నారు. ఒకడు పైపు అందుకున్నాడు. మొదటి దెబ్బకు మోకాలు విరిగింది. రెండోది తల మీద పడింది.

కామాక్షి గాల్లోకి రెండు రౌండ్లు కాల్చింది. మూడోది పైపు పట్టుకున్నవాడి కాళ్ల ముందు నేలలో దిగింది. అతను పైపు వదిలేశాడు.

ఆమె బుచ్చిబాబు పక్కన మోకాలు వేసి బేడీ వేసింది. అతని చెవిలోంచి రక్తం కారుతోంది.

"ఎందుకు చేశారు?"

"మా నాన్న యాభై ఆరులో బెజవాడ నుంచి వచ్చి పెట్టిన కొట్టండీ. వానలో పారేయించాడు. బావగారూ, షామియానాలు తడుస్తున్నాయి అంటే పైనుంచి చూసి నవ్వాడు."

"అంతకు ముందే రైఫిల్ తీశారు."

"బేరం కుదిరిన రోజే తీశాను."

"అంజన్ మీకేం చేశాడు?"

బుచ్చిబాబు నోట్లో రక్తం ఉమ్మాడు.

"ఏం చేయలేదండీ. ఆ గీత మీద ఉన్నాడు. అంతే."

4:35కి పోలీసులు నాంపల్లి కోర్టులో, ఈ హత్యతో అంజన్‌కు సంబంధం లేదని మెమో వేశారు. అంజన్‌ను విడుదల చేస్తూ మేజిస్ట్రేట్ 5:10కి సంతకం చేశారు. అప్పటికి అంజన్ ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు. రిమాండ్ లేదని ఫోన్‌లో కామాక్షి చెప్పిన మాట మీద డాక్టర్ 4:20కే లోపలికి తీసుకున్నాడు.

పైపుతో కొట్టిన నలుగురి మీద, రవిచంద్ర మీద హత్యాయత్నం కేసు రాశారు.

డబ్బాలోని మూడు తూటాలు ఆ రైఫిల్‌వేనని ల్యాబ్ రాత్రి ఎనిమిదికి చెప్పింది.

8:40కి డాక్టర్ బయటికొచ్చి జమునకు రెండు విషయాలు చెప్పాడు. అంజన్ బతికాడు. ఎడమ చేతిని మోచేతి పైదాకా తీసేశారు.